అంతర్జలం: తెలిసినవాడి ధర్మం

నేల మీద పారే నీటికి సాక్షులుంటారు. ఏటికి ఎగువన ఎవరైనా అడ్డుకట్ట వేస్తే దిగువవారు ఆ గట్టును కళ్లారా చూస్తారు, ప్రశ్నిస్తారు, అవసరమైతే న్యాయస్థానం మెట్లెక్కుతారు. కృష్ణా, కావేరీ, యమునా జలాల పంపకంపై దశాబ్దాల తరబడి వాదం సాగించగలగడానికి కారణం ఆ నీరు అందరికీ కనిపించడమే. నేల లోపలి నీటికి అటువంటి సాక్షి లేడు. ఒకరి బోరుబావి నడిచినందువల్ల మరొకరి చేతిపంపు ఎండిపోతే, ఆ రెండవవాడు తన నష్టాన్ని తలరాతకో వానదేవుడికో ఆపాదించి ఊరుకుంటాడు. ఆ రెంటి మధ్య గల కార్యకారణ సంబంధాన్ని చూడగలిగినవాడు భూగర్భ జలశాస్త్రాన్ని అభ్యసించినవాడు. ఆ చూపు అతనిపై ఏ బాధ్యతను మోపుతుంది? డబ్బిచ్చి పిలిచినవాడికి నీటి జాడ చూపడంతో అతని విధి తీరిపోతుందా? పిలవనివాడికి, తన నీరు తరలిపోతున్నదని కూడా ఎరుగనివాడికి అతడేమైనా ఋణపడి ఉంటాడా?

ఈ ప్రశ్న ఢిల్లీలో మరింత పదునుగా ఎదురవుతుంది. దేశంలోని అంతర్జలాల లెక్క చూసే కేంద్ర భూగర్భ జల మండలి ప్రధాన కార్యాలయం రాజధాని ప్రాంతంలోని ఫరీదాబాద్‌లో ఉంది. 1954లో ఏర్పడిన అన్వేషక గొట్టపుబావుల సంస్థ 1970లో ఈ పేరు ధరించింది. 1972లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలోని అంతర్జల విభాగం కూడా దీనిలో విలీనమయింది. ఆ మండలిలో శాస్త్రవేత్తల ఎంపికకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే పరీక్షకు భూవిజ్ఞానంలోగాని, జలభూవిజ్ఞానంలోగాని స్నాతకోత్తర పట్టా అవసరం. అనంతపురం నుంచో నల్లగొండ నుంచో బయలుదేరిన తెలుగు విద్యార్థికి ఢిల్లీ ఆ విధంగా ఒక గమ్యం. నగరమే అతనికి పాఠ్యగ్రంథం. ఆరావళి పర్వతశ్రేణి చివరి వేలివంటి క్వార్ట్జైట్ శిల దక్షిణం నుంచి ఉత్తరానికి నగరాన్ని చీలుస్తుంది. అక్కడ నీరు రాతి పగుళ్లలో మాత్రమే దొరుకుతుంది. తూర్పున యమున పరిచిన ఇసుక మేట స్పంజివలె నీటిని పట్టి ఉంచుతుంది. పశ్చిమ, వాయవ్య భాగాల్లో కొంత లోతుకు పోగానే ఉప్పునీరు తగులుతుంది. ఒకే మహానగరం కింద మూడు స్వభావాలు గల నేలలుండడం విద్యార్థికి వరమే కావచ్చు, పాలకుడికి మాత్రం తలనొప్పి.

2023 నాటి జాతీయ అంచనా ప్రకారం భారతదేశం ఏటా తోడుకునే అంతర్జలం సుమారు 24 వేల కోట్ల ఘనపు మీటర్లు. అందులో 87 శాతం సేద్యానికే పోతుంది. దేశం మొత్తం మీద వినియోగం వార్షిక లభ్యతలో 59 శాతం మాత్రమే కాగా, ఢిల్లీలో అది 99 శాతానికి చేరింది. సగటు లెక్కలు ఎంత సాధువుగా కనిపిస్తాయో అంత మోసగిస్తాయి. మెహ్రౌలీ, ఛతర్‌పూర్ ప్రాంతాలలో కొన్నిచోట్ల నీటిమట్టం 60 మీటర్లకు మించిన లోతుకు దిగిపోగా, యమున ఒడ్డున చేతికందే లోతులో నీరున్న చోట్లు ఇంకా ఉన్నాయి.

ఈ నీరు ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన సమాధానం విచిత్రమైనది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ఏడవ సెక్షనులోని ఒక ఉదాహరణ ప్రకారం, నిర్ణీతమైన కాలువగా పారని అంతర్జలాన్ని తన భూమి హద్దుల్లో సేకరించుకొనే, వినియోగించుకొనే హక్కు ప్రతి భూయజమానికీ ఉంది. మద్రాసు రాజధానిలో ఈ చట్టం మొదటి నుంచే అమలైంది. అంటే కోస్తా, రాయలసీమ రైతులు దీని నీడలో ఒక శతాబ్దానికి పైగా బావులు తవ్వుకున్నారు. చట్టానికి మూలం ఇంగ్లండులో ఉంది. 1843లో లాంకషైర్‌కు చెందిన ఒక మిల్లు యజమాని, సమీపంలోని బొగ్గు గని తవ్వకంవల్ల తన బావి ఎండిపోయిందని దావా వేశాడు. నేల కింది నీటి కదలిక ఎవరికీ తెలియనిది, కనుక దానిపై ఇరుగుపొరుగుల మధ్య హక్కులు, బాధ్యతలు నిర్ణయించలేమన్న ధోరణిలో న్యాయస్థానం ఆ దావాను తోసిపుచ్చింది. 1861లో అమెరికాలోని ఒహాయో న్యాయస్థానం కూడా దాదాపు ఇదే తర్కాన్ని అనుసరించింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థి గమనించవలసిన కాలక్రమం ఒకటుంది. ఇసుక పొరల గుండా నీరు ఏ వేగంతో, ఏ నియమంతో ప్రవహిస్తుందో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ దార్సీ ప్రకటించినది 1856లో. లాంకషైర్ తీర్పు అంతకు 13 సంవత్సరాల ముందుది. అజ్ఞానంపై ఆధారపడి వెలువడిన న్యాయసూత్రాన్ని, ఆ అజ్ఞానం తొలగడం మొదలైన 26 సంవత్సరాలకు భారతదేశంలో శాసనంగా రాసిపెట్టారు. తెలియదు కనుక బాధ్యత లేదన్నది ఆ సూత్రపు సారాంశం. మరి తెలిసిన తరువాత? చట్టం మారడానికి కాలం పట్టవచ్చు. చట్టసభలకు వేరే తొందరలుంటాయి. కాని తెలిసిన వ్యక్తి విషయంలో ఆ మినహాయింపు అదే రోజున రద్దయినట్లే. భూయజమాని ఇప్పటికీ ఆ చట్టం చాటున నిలబడగలడు, అతనికి నీటి దారి చూపిన శాస్త్రజ్ఞుడు నిలబడలేడు. నైతికంగా వారిద్దరి స్థానాలు ఒకటి కావు.

శాస్త్రం ఏమి చెబుతున్నదో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే ధర్మసందేహమంతా అందులోనే దాగి ఉంది. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన చార్లెస్ థైస్ 1935లో బావి నుంచి నీరు తోడేటప్పుడు చుట్టూ నీటిమట్టం కాలంతోపాటు ఎలా పడిపోతుందో లెక్కగట్టే సమీకరణాన్ని ఇచ్చాడు. 1940లో అతడు రాసిన మరొక వ్యాసం అంతకంటె ముఖ్యమైనది. దాని సారం సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే: బావి నీటిని సృష్టించదు. బావి తవ్వకముందు కూడా ఆ నీరు ఎక్కడికో పోతూనే ఉంది. ఒక ఊటకో, ఒక ఏటికో, ఒక చెట్టు వేరుకో. బావి తోడిన ప్రతి బిందెడు నీటికి బదులుగా మరెక్కడో అంత తగ్గి తీరుతుంది. లేదా భూమిలో యుగాలుగా దాచిన నిల్వ తరిగిపోతుంది. అదనపు నీరు, ఎవరిదీ కాని నీరు అన్న మాటలకు ఈ శాస్త్రంలో చోటు లేదు. యమున మేటలో వేసిన గొట్టపుబావి యమున వాటాను తీసుకుంటుంది. ఛతర్‌పూర్‌లో వేసినది రేపటివాడి వాటాను తీసుకుంటుంది.

బోరుబావి నడిచినకొద్దీ దాని చుట్టూ నీటిమట్టంలో గరాటు వంటి పల్లం ఏర్పడుతుంది. అది గంటల్లో కొద్దిమేర, నెలల్లో చాలామేర విస్తరిస్తుంది. అందుచేత కొత్త బావివల్ల పొరుగువారికి హాని ఉంటుందా అని పరీక్షించదలచినవాడు పంపును కొన్ని గంటలు నడిపి చూస్తే ఒక జవాబు, కొన్ని రోజులు నడిపి చూస్తే మరొక జవాబు వస్తుంది. వానలు వెలిసిన నవంబరులో కొలిస్తే ఒక సంఖ్య, ఎండలు ముదిరిన మేలో కొలిస్తే ఒక సంఖ్య. కేంద్ర మండలి తన పరిశీలక బావులను ఏడాదిలో నాలుగుసార్లు కొలవడం ఈ కారణం చేతనే. పై సంఖ్యలలో ఏదీ అబద్ధం కాదు. అయినా వాటిలో ఒకదానిని ఎంచుకొని నివేదికలో పొందుపరచడం మాత్రం కేవలం సాంకేతిక చర్య అనిపించుకోదు. ఎవరి బావులను లెక్కలోకి తీసుకోవాలి, ఎంత దూరం వరకు చూడాలి, ఎన్ని సంవత్సరాల ముందుకు చూడాలి అని గీత గీసిన క్షణాననే ఎవరి నష్టం కనిపించాలో, ఎవరిది కనిపించరాదో నిర్ణయం జరిగిపోతుంది.

ఢిల్లీ అంతర్జలాలు క్షీణిస్తున్న వైనంపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఫలితంగా, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1997 జనవరిలో కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2020 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 100 ఘనపు మీటర్లకు మించి నీరు తోడదలచిన పరిశ్రమ గుర్తింపు పొందిన నిపుణుడి చేత ప్రభావ నివేదిక రాయించి సమర్పించాలి. ఏర్పాటు సబబుగానే ఉంది. కాని ఆ నిపుణుడికి రుసుము చెల్లించేది ఆ పరిశ్రమే. పరీక్షించబడేవాడే పరీక్షకుడికి జీతమిచ్చే ఈ పద్ధతి ఒక్క అంతర్జలానికే పరిమితం కాదు గాని, మిగిలిన రంగాలలో నష్టపోయినవాడు కనీసం అడ్డు చెప్పగలడు. పొగ కనిపిస్తుంది, మురుగు వాసన వేస్తుంది. ఎండిన పొర కనిపించదు, వాసన వేయదు. (అదే మార్గదర్శకాలు సేద్యానికి పూర్తి మినహాయింపునిచ్చాయి; 87 శాతాన్ని బయట ఉంచి మిగిలినదానిపై నిఘా పెట్టడం పాలనా సౌలభ్యమే గాని న్యాయమనిపించదు.)

శాస్త్రజ్ఞుడి పని ఉన్నది ఉన్నట్లు చెప్పడమే, ఎవరికి ఎంత నీరు అన్నది ప్రభుత్వం తేల్చవలసిన విషయమన్న వాదం ఒకటుంది. దీనిని తేలికగా తోసివేయడం సరికాదు. చదువుకున్నవాడు చదువుకున్న కారణంగానే ఇతరుల జీవితాలను శాసించాలనుకుంటే అది మరొక రకమైన జమీందారీ అవుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గట్టున 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. తటాక నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం పేర్కొంటుంది. మొదటి అంగం ధర్మబుద్ధి గల రాజు. రెండవది జలశాస్త్రం ఎరిగిన పండితుడు. గట్టి నేల, తీయని నీటి ఏరు, రాయి, పనివారు వంటివన్నీ ఆ తరువాతే. పండితుడికి రాజు పక్కనే చోటు దొరికింది, రాజు స్థానం దొరకలేదు. ఆ క్రమంలో వివేకం ఉంది. అయితే పండితుడిని పనివాళ్ల జాబితాలో చేర్చలేదన్నది కూడా అంతే గమనార్హం. రాజుకు నీటి విషయం తెలియదు కనుక, చెప్పవలసినది చెప్పకపోతే పండితుడు తన స్థానాన్ని తానే వదులుకున్నట్లవుతుంది. నిర్ణయాధికారం లేకపోవడం మౌనానికి అనుమతి కాజాలదు.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమన్న పేరిట ఒక అధ్యాయమంతా అంతర్జల జాడలకే కేటాయించాడు. మనిషి దేహంలో రక్తనాళాల వలె భూమిలో జలనాడులున్నాయని చెప్పి, ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరు పడుతుందో వివరించాడు. ఆ సూచనలలో ఎన్ని నిలుస్తాయన్నది వేరే చర్చ. అధ్యాయం ఆరంభంలోనే ఆయన ఈ విద్యను ధర్మాన్నీ యశస్సునూ ఇచ్చేదిగా పరిచయం చేశాడు. ధనాన్ని ఇచ్చేదని అనలేదు. ఆ కాలానికి అది సహజం. నీటి జాడ చూపినవాడు పదిమందికి బావి ఇచ్చినట్లే లెక్క. తెలుగువారు సప్తసంతానాలలో తటాకానికి చోటిచ్చింది కూడా ఈ భావంతోనే. చేదతోనో కపిలతోనో తోడే రోజుల్లో ఒక బావి మరొక బావిని చంపడం అరుదు. మనిషి, ఎద్దు అలసిపోయేవి. ఆ అలసటే నేలకు రక్షణ. కరెంటు మోటారు అలసిపోదు. అందువల్ల వరాహమిహిరుడి నాడు నిస్సంశయంగా పుణ్యమైన పని ఈనాడు అదే హస్తకౌశలంతో చేసినా పుణ్యమో కాదో విచారించి చెప్పవలసి వస్తున్నది.

రాయలసీమ, తెలంగాణ పల్లెలలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీటి జాడ చెప్పేవారిని చదువుకున్నవారు ఎద్దేవా చేయడం పరిపాటి. వారి జోస్యం తప్పితే నష్టపోయేది బోరు వేయించిన రైతు ఒక్కడే. శాస్త్రజ్ఞుడి మాట తరచుగా నిజమవుతుంది, చిక్కంతా అక్కడే. గ్రానైటు నేలల్లో విద్యున్నిరోధకత కొలిచి పగులును పట్టుకొనే పద్ధతులు మెరుగుపడినకొద్దీ నీరు పడిన బోర్ల సంఖ్య పెరిగింది, వాటితోపాటు నీటిమట్టం పడిపోయే వేగమూ పెరిగింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి 1999 తరువాత సమీపంలోని మహేశ్వరం వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని అధ్యయనం చేసింది. మెత్తబడిన పైపొర ఎండిపోయి, బోర్లన్నీ దాని కిందనున్న పగుళ్ల పొర మీద ఆధారపడిన స్థితి అక్కడ కనిపించింది. ఆ పొర మందం కొన్ని పదుల మీటర్లే. అంతకంటె లోతుకు పోతే రాయి తప్ప నీరుండదు. తెలివి పెరగడమే తరుగుదలకు ఒక కారణమైనప్పుడు విద్యను దాచిపెట్టడమా మార్గం? కాదు. దాచిన విద్య డబ్బున్నవాడికే అందుతుంది. ఇంతవరకు జరిగింది కూడా అదే.

ఆంధ్రదేశంలో దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తరువాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో ఆరువందలకు పైగా గ్రామాలలో రైతులే తమ బావుల మట్టాన్ని పదిహేను రోజులకొకసారి కొలిచి, వానను కొలిచి, రబీకి ముందు ఊరందరి ఎదుట నీటి పద్దు వేసుకున్నారు. ఫలానా పంట వేయరాదని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఉన్న నీరింత, వరికి కావలసినది ఇంత, ఆరుతడి పంటకు కావలసినది ఇంత అని గోడ మీద రాశారు. చాలాచోట్ల రైతులు తమంతట తామే వరి తగ్గించుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక దీనిని ఆదర్శంగా పేర్కొన్నది. పథకం ముగిశాక అన్ని ఊళ్లలోనూ ఆ అలవాటు నిలవలేదని తరువాతి పరిశీలనలు తెలిపాయి. ధర పలికే పంట ముందు గోడ మీది అంకె ఎంతకాలం నిలుస్తుంది? అయినా ఆ ప్రయోగం ఒక విషయాన్ని స్పష్టం చేసింది. స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్లు శ్రమించి నేర్చుకొనే దానిలో ఇరుగుపొరుగులకు నిజంగా అవసరమైన భాగం కొలతాడుతో, వానమాపకంతో, కూడికలు తీసివేతలతో అందించగలిగినదే. కనుక ఇది సామాన్యులకు అర్థం కాదన్న సాకు చెల్లదు.

పూర్వపు ఢిల్లీలో ఈ లెక్క వేరొక రూపంలో అందరికీ అందుబాటులో ఉండేది. పాలం గ్రామంలో ఉద్ధరుడనే గృహస్థుడు బల్బన్ కాలంలో, 1276లో తవ్వించిన దిగుడుబావిని గురించిన సంస్కృత శాసనం దొరికింది. మెహ్రౌలీలో లోడీల నాటి రాజోఁ కీ బావొలీ, నిజాముద్దీన్ దర్గా పక్కన పద్నాలుగవ శతాబ్దపు బావొలీ నేటికీ నిలిచి ఉన్నాయి. దిగుడుబావి శిల్పాన్ని గురించి ఎంతో రాశారు గాని, అది ఒక కొలమానమన్న సంగతిని అంతగా పట్టించుకోలేదు. నిన్నటి కంటె ఈ రోజు రెండు మెట్లు ఎక్కువ దిగవలసి వస్తే ఆ సంగతి నీటికి వచ్చిన ప్రతి మనిషి మోకాళ్లకు తెలుస్తుంది. గొట్టపుబావిలో మునిగి ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపు ఆ కబురును ఎవరికీ చెప్పదు. మీట నొక్కినంతకాలం నీళ్లొస్తాయి. రాకపోయిన రోజున ఇంకా లోతుకు గొట్టం దింపుతారు. పంపుతో పోయిన ఆ మెట్లను తిరిగి కట్టగలిగినవాడు కొలతలు చేతిలో ఉన్న శాస్త్రజ్ఞుడు తప్ప మరొకడు లేడు.

2009లో అమెరికా శాస్త్రజ్ఞులు జంట ఉపగ్రహాల సాయంతో భూమి గురుత్వాకర్షణలోని మార్పులను లెక్కించి, 2002 నుంచి 2008 వరకు రాజస్థాన్, పంజాబ్, ఢిల్లీతో కూడిన హర్యానా ప్రాంతాలు 109 ఘన కిలోమీటర్ల అంతర్జలాన్ని కోల్పోయాయని ప్రకటించారు. 2022లో ప్రచురితమైన మరొక అధ్యయనం ఢిల్లీ రాజధాని ప్రాంతంలో సుమారు వంద చదరపు కిలోమీటర్ల నేల కుంగిపోయే ప్రమాదంలో ఉన్నదని పేర్కొన్నది. విమానాశ్రయానికి కిలోమీటరు దూరం కూడా లేని కపస్‌హేరాలో 2014–16 మధ్య నేల ఏటా 11 సెంటీమీటర్లు, ఆ తరువాత ఏటా 17 సెంటీమీటర్ల వరకు కుంగింది. అక్కడికి సమీపంలోని ద్వారకలో కుంగుదల ఆగి, నేల స్వల్పంగా పైకి లేచింది. నీరు తోడడం తగ్గి, వాన నీరు ఇంకడం పెరిగిన చోట అది సాధ్యమయింది. ఇసుక పొర నీరు తగ్గినప్పుడు నొక్కుకుపోయి, నీరు చేరినప్పుడు కొంత కోలుకుంటుంది. బంకమట్టి పొర ఒకసారి అణగారితే అందులోని నీటి చోటు చాలావరకు శాశ్వతంగా మూసుకుపోతుంది.

పోరుమామిళ్ల శాసనం పన్నెండు అంగాలతోపాటు తటాకానికి ఆరు దోషాలను కూడా చెప్పింది. వాటిలో ఒకటి చవిటి నేల. మరొకటి కొద్దిపాటి నీరు, దానిపై ఆధారపడిన విస్తారమైన పొలం. ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం. కపస్‌హేరా సరిగ్గా ఢిల్లీ, హర్యానా సరిహద్దు మీద ఉంది. గుర్‌గావ్‌లో నిర్మాణాలకు అంతర్జలం వాడరాదని 2012 జులైలో పంజాబ్ హర్యానా హైకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం హర్యానా వైపునే వర్తిస్తుంది. కింది ఒండ్రు పొర మాత్రం సరిహద్దు రాతి దగ్గర ఆగిపోదు. ఒక రాష్ట్రం రాసిన అనుమతి పత్రంలో రెండవ రాష్ట్రపు బావులకు గడి ఉండదు. నివేదిక రాసేవాడు ఆ గడిని తన చేతితో గీసి, అవతలి బావుల మట్టాలను కూడా నింపవచ్చు. ఏ నియమమూ దానిని కోరదు, ఏ నియమమూ దానిని నిషేధించదు.

కపస్‌హేరా ఇరుకు గదుల్లో అద్దెకుండే వలస కార్మికులలో బోరుబావి యజమానులు అరుదు. వారికి ఆ నేలలో సెంటు భూమి లేదు. 1882 చట్టం హక్కునిచ్చింది భూమి గలవాడికి.